మా నల్లా రావడం లేదు

బుధవారం, రాత్రి

ఈరోజు నా పరువు పోయింది.

సర్కారు ఇంటింటికీ నల్లా పెట్టినప్పటి నుంచి బోరింగు దగ్గరికి ఎవరూ రావడం లేదు. వంతు కోసం నిలబడి ఊరి ముచ్చట్లన్నీ అక్కడే చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు పొద్దునా సాయంత్రం నీళ్లు వదలగానే ఎవరి వాకిట్లో వాళ్లు పట్టుకుని తలుపు వేసుకుంటున్నారు. ఇంట్లో నేనొక్కదాన్ని. నన్ను పలకరించేదెవరు? అందుకే మా నల్లా రావడం లేదని చెప్పి, రోజూ పొద్దున పక్కింటి రాజవ్వ దగ్గరికి బిందెతో వెళ్తున్నాను. అది నిండేదాకా ఆమె నాతో మాట్లాడుతుంది.

పాపం, నా కోసం ఆమె పంచాయతీలో చెప్పిందట. పొద్దున చెన్నూరు నుంచి నల్లాలు బాగుచేసే మనిషి వచ్చాడు. రాజవ్వ కూడా వెంట వచ్చింది. తిప్పగానే నీళ్లు ధారగా దూకాయి.

"మంచిగనే వస్తున్నయి గదమ్మా! వస్తలేవని ఎవలు జెప్పిన్రు?" అన్నాడు.

రాజవ్వ నన్నొకసారి చూసి వెళ్లిపోయింది. ఇక రేపటి నుంచి ఏ మొహం పెట్టుకుని వెళ్లను? పొద్దంతా అదే ఫికరు. అన్నం కూడా సయించలేదు.

సాయంత్రం తలుపు చప్పుడైంది. ఖాళీ బిందెతో రాజవ్వ.

"వదినె, మా నల్లా వస్తలే. జర నీ దగ్గర పట్టుకోనా?"

గోడ అవతల ఆమె నల్లా కింద గోళెం నిండి పొర్లుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నేను మా నల్లాను సన్నగా తిప్పాను.