శుక్రవారం నుంచి మూడో దినం

ఏమండీ, గుడ్‌ఫ్రైడే ఆరాధనకు నాతో రానని మీ కొడుకు తెగేసి చెప్పాడు. బొమ్మనహళ్ళిలో కొత్తగా వెళ్తున్న సంఘంలో, యేసు చనిపోయిన ఏడు యూదుల పస్కా పండుగ గురువారమనీ, ఆయన్ను సిలువ వేసింది బుధవారమనీ నేర్పారట.

"శుక్రవారం సాయంత్రం సమాధిలో పెడితే, ఆదివారం పొద్దున లేచేదానికి మూడు దినాలు ఎట్లయితాయమ్మా? లెక్కల టీచరువి, నువ్వే చెప్పు" అన్నాడు. మనవరాలు తల దించుకుని అన్నం కలుపుతూనే ఉంది.

"మీ నాయన పోయింది శుక్రవారం సాయంత్రమే కదప్పా. ఆదివారం మూడో దినం ప్రార్థన పెట్టించింది నువ్వే. ఆ పొద్దు లెక్క తప్పలేదా?"

వాడు పళ్ళెం పక్కకి జరిపాడు. తర్వాత, "బైబిల్లో మూడు రాత్రులని కూడా రాసుండాది కదమ్మా?" అన్నాడు.

రాత్రులు రెండేనని ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే వాడు రాడని తెలుసు. కానీ మీరు పోయాక ఆ రెండు రాత్రులూ నా పక్కన మేలుకొని కూర్చున్నవాడికి అబద్ధమెలా చెప్పనండీ?