ఆల్బం అంచున నిలబడ్డవాళ్లు

మిర్యాలగూడ
మే 12, 2009, మంగళవారం

పెళ్లి ఆల్బం పేజీలు చూడటానికి పెళ్లికొడుకు వదిన ఈరోజు ఒక్కతే షాపుకొచ్చింది. కూర్చుంటూనే, "అన్నా, ప్రింటయినంక అంచులు ఎంత కోస్తరు?" అంది. ఇన్నేళ్లలో ఏ కస్టమరూ అడగని మాట. చుట్టూ మూడు మిల్లీమీటర్లు కటింగ్‌లో పోతుందని, అందుకే మొహాలు లోపలికి పెడతానని చెప్పాను.

"అయితే మా ఆడబిడ్డను గీ చివరకు జరుపు."

"మొహం సగం పోతది చెల్లె."

"పోతే మిషన్ల పోయిందంటం. మనం కోసినమా ఏంది?" అని నవ్వింది.

తలూపాను గానీ, ఆమె వెళ్లగానే ఆడబిడ్డను మళ్లీ లోపలికి జరిపాను.

ఆ నవ్వు మాత్రం నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి మా పెళ్లి ఆల్బం తీశాను. మా అక్క నాలుగు పేజీల్లో ఉంది. నాలుగింట్లోనూ అంచునే, ఒక్కదాంట్లోనూ పూర్తి మొహం లేదు. ఆ పేజీలు చేసేటప్పుడు పక్కన కూర్చుని, ఎవరు ఎక్కడుండాలో చెప్పింది మా ఆవిడే. నాకప్పుడు పని కొత్త, అంచుల సంగతి తెలియదు. తనకూ తెలియదనుకుందామంటే, వాళ్ల నాన్నది కోదాడలో ప్రింటింగ్ ప్రెస్.

ఆల్బం చూసి అక్క కళ్లనీళ్లు పెట్టుకుంటే, "మిషన్ల పోయిందక్కా" అని సర్దిచెప్పింది నేనే.