దారం జప్తు కోరుతూ

ఆయుధాల రిజిస్ట్రీ అధికారి వారి సముఖమునకు,
బరండిల్లా కాపురస్తుడు, ఉన్ని రకాలు వేరుచేసే పనిలో రిటైరైన క్లెమ్ పార్ఫిట్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా వద్దనున్న దారపు డబ్బాను జప్తు చేయించుట గురించి. ఇది మూడవ అర్జీ.

1. నా వద్ద 1915 నాటి, నీటితో చల్లబడే మెషిన్‌గన్ ఒకటి కలదు. పేలకుండా చేయించిన పిమ్మటే లైసెన్సు దయచేసితిరి. ముక్కాలి స్టాండు, నీళ్ల డబ్బా, గుడ్డ బెల్టులు ముప్పై ఏళ్లు వేలంపాటల వెంట తిరిగి జత కూర్చితిని.

2. తుపాకీ గొట్టం చుట్టూ నీరు కారకుండా చుట్టే దారం కూడా ఆనాటిదే దొరికినది. అది రాతినార, అంటే పాత ఇళ్ల రేకుల్లో కలిపే ఆస్బెస్టాస్. మామూలు నూలుతాడైనా సరిపోవును. ఆనాటిదే ఉండాలని పట్టుబట్టినది నేనే. నా వేళ్లు మొద్దు గనుక, ప్రతి ప్రదర్శనకు ముందు దాన్ని విప్పి, దులిపి, చుట్టినది నా భార్య నోరీన్. "దీనికి పట్టించే నూనెలో సగం నా మోకాళ్లకి పట్టిస్తే పరుగు పందెం గెలిచేదాన్ని కదయ్యా" అనేది, చుడుతూనే.

3. గత మార్చిలో నోరీన్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయినది. "ఆస్బెస్టాస్ దుమ్ము ఎక్కడైనా పీల్చిందా?" అని డాక్టరు అడిగిన నాడే నాకు తెలిసినది. ఈ తుపాకీ నా ఇంట ఒక్క గుండు పేల్చలేదు. నా భార్యను మాత్రం చంపినది. కాదు, చంపింది నేను.

4. ఏటా తనిఖీకి వచ్చే సార్జెంటు టాగర్ట్ గారు నంబరు సరిచూచి, తాళం లాగి చూచి వెళ్లెదరు. ఈసారి డబ్బా చేతిలో పెట్టబోతే, "దారం ఆయుధం కాదు పెద్దాయనా. రెండు సంచుల్లో మూతికట్టి కౌన్సిల్ వాళ్ల చెత్త డంపులో ఇచ్చెయ్, పీడా పోతుంది" అన్నారు. తుపాకీ కొనేందుకు డబ్బో అనే ఊరి నుంచి వచ్చినాయన ఇంకో మాట అన్నాడు. "అరుదైంది అదేనండీ, అది లేకపోతే సెట్టు బోసిగా ఉంటుంది. మా ఆవిడ చేత చక్కగా చుట్టిస్తాను" అన్నాడు. గేటు దాకా తరిమితిని.

5. నేనే పారవేయవచ్చును గదా అని తమరు వ్రాసితిరి. మూడుసార్లు డంపు దాకా పోయి తిరిగి వచ్చితిని. నా వల్ల కాదు. అది ఆమె చుట్టిన చుట్టు. లోపలి అట్టముక్క మీద ఆమె చేతిరాత: "ముట్టుకోకు క్లెమ్, చిక్కు పడుతుంది."

కావున తుపాకీని ముక్కలు చేయించినా సంతకము పెట్టెదను. దారాన్ని మాత్రం చట్టప్రకారం నా చేతుల్లోంచి లాక్కొనిపోవలెనని చేయు ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
క్లెమ్ పార్ఫిట్

తా.క.: అట్ట మీది మాటలు తప్పు రాయకూడదని నిన్న మళ్లీ మూత తీశానండీ. ఆమె చేతులకు రాసుకునే లావెండర్ పూల క్రీము వాసన ఇంకా ఉంది. గుండెల నిండా పీల్చాను. త్వరగా ఎవరినైనా పంపండి.