మా గుడ్డ తోక జోలికి రావద్దని మనవి

ప్రదర్శనశాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ భవనం ముందు హాలులో వేలాడుచున్న నా నేతగుడ్డను "అసంపూర్తి" అని నిర్ణయించి, కింది పోగులు కత్తిరించమని పంపిన నోటీసును వాపసు తీసుకొనుట గురించి.

మామగారి పనిచొక్కాలు, పాత కిటికీ తెరలు, మా అమ్మాయి బడి యూనిఫాం పీలికలుగా చింపి, అడ్డపోగులుగా, అంటే పేకగా వేసి నేను ఆ గుడ్డ నేశాను. అడిగి మరీ తీసుకెళ్లి తగిలించింది తమరే. ఇప్పుడు శుక్రవారం పెద్దవాళ్లు చూడటానికి వస్తున్నారని, ఆలోపు పోగులు తీసేసి గుడ్డను అద్దాల చట్రంలో బిగించాలని, నేను చేయకపోతే శాఖవారే కత్తిరిస్తారని నోటీసు. అందుపై విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు పోగులు నోటీసులో రాసినట్టు "వ్యర్థపు పోగులు" కావు. మా ఇంట్లో వాటిని తోక అంటాం. మగ్గం మీద నిలువు పోగులను, అంటే పడుగును, చివరిదాకా నేయం. కొంత వదిలేసి, కొత్త పడుగులో ఒక్కొక్క పోగునూ ఆ పాత కొసలకు మెలిపెట్టి అతుకుతాం. మా అత్తగారు వాళ్ల అత్తగారి తోకకు అతికారు. నేను మా అత్తగారి తోకకు అతికాను. మామూలుగా తోక మగ్గాన్ని వదిలి రాదు. గది కప్పు కారుతుంటే బాగుచేయించడానికి మగ్గం విప్పాం కాబట్టి, ఈసారి గుడ్డతోపాటు బయటికి వచ్చింది. ప్రదర్శన అయ్యాక మళ్లీ మగ్గమెక్కాలి.

2. గుడ్డ పక్కన చీటీలో నేను "ఇది తోక, ముట్టుకోవద్దు" అని రాసిన మాట నిజమే. అది చదివి తమ గుమాస్తా గారు నలుగురి ముందూ, "ఏంటమ్మా, తోక ఝాడిస్తున్నావ్? కత్తిరిస్తే సరి" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

3. ఇంటికి వెళ్లి నోటీసు అత్తగారికి చదివి వినిపించాను. "పోనీలెండి అత్తయ్యా, తోక లేకుండానే ఖాళీ మగ్గం మీద కొత్తగా మొదలుపెట్టుకుందాం" అన్నాను, భయపడి. ఆవిడ, "మొదలుపెట్టడం నాకు రాదే. మా అత్తకీ రాదు. మేమంతా అతికినవాళ్లమే" అన్నారు.

అయ్యా, అసలు సంగతి ఇది. మా ఇంట్లో మొదలుపెట్టిన మనిషి ఎవరో, పేరేమిటో ఎవరికీ తెలియదు. ఆవిడ నుంచి మాదాకా వచ్చింది ఆ అతుకులే. తమ కత్తెరకు అరనిమిషం పని. ఎక్కడికైనా వెళ్లి మొదలుపెట్టడం నేర్చుకోవచ్చు కదా అంటారేమో. నేర్చుకోవచ్చు. కానీ అప్పుడు ఆవిడతో మాకు ఏ సంబంధమూ ఉండదు. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఏడుపొస్తోంది.

4. నేను కత్తిరించను. ఎవరినీ కత్తిరించనివ్వను. ఈ అంశంలో మనవి ఏమీ లేదు, తెలియజేయడమే.

5. "అసంపూర్తి" అన్న మాట మాత్రం ఒప్పుకుంటున్నాను. పూర్తయిపోతే ఇక మాకు పనేముంది?

కావున నోటీసు వాపసు తీసుకోగలరు. చట్రం ఈపాటికే తయారై ఉంటే, అందులో ఆ నోటీసునే బిగించుకోవచ్చు.

చిత్తగించవలెను, కత్తిరించవలదు.

ఇట్లు,
తమ విధేయురాలు (తోక విషయంలో తప్ప),
నేత నేసిన కోడలు

తా.క.: ఈ అర్జీ తమ హాలులో నేల మీద కూర్చునే రాస్తున్నాను. అత్తగారు కప్పు బాగయ్యేదాకా ఆగలేక, కొత్త పడుగు సంచిలో వేసుకుని వచ్చి, ఇక్కడే తోకకు అతుకుతున్నారు. పోగులు బిగువుగా ఉండాలి గనుక, కట్టడానికి గట్టిది ఇంకేదీ కనబడక, కొత్త పడుగు అవతలి కొసలు సగం తమరి గదిలోకి తీసుకెళ్లి కుర్చీ కాలికి కట్టాం. గుమాస్తా గారు అడ్డం రాబోతే, అత్తగారు మిగతా సగం ఆయన చేతిలో పెట్టి, "పట్టుకో నాయనా, వదిలావంటే చిక్కుపడతాయి" అన్నారు. ఆయన ఇంకా పట్టుకునే ఉన్నారు. తమరు వచ్చి కూర్చునేటప్పుడు కుర్చీ జరపవద్దని ప్రార్థన.