కింది లైనులో ఉన్న మాట

శనివారం రాత్రి, కామారెడ్డి

లినక్స్ కెర్నల్‌ను, అంటే కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రామ్‌ను, సొంతంగా తయారుచేసుకోవడం ఎలాగో తెలుగులో రాసి, మా కంప్యూటర్ సెంటర్ పిల్లలకు పంపి తెగ మురిసిపోయాను. ఈ రాత్రి వాళ్లలో ఒకమ్మాయి, లావణ్య, ఎల్లారెడ్డి నుంచి ఫోన్ చేసింది.

"సార్, లాప్‌టాప్ ఓపెన్ అయితలేదు. పాత కెర్నల్ తీసేయండి అని రాసిన్రు కద, తీసేసిన."

కింది లైను చదవలేదా అన్నాను. కొత్త కెర్నల్‌తో సిస్టమ్ ఒకసారి తెరుచుకున్నాకే పాతది తీసేయాలని అందులో ఉంది.

"ఒక్కో లైను చదువుకుంట, చేసుకుంట పోయిన సార్. కింద గట్లుంటదని నాకేమెరుక?"

నిజమే. ఆ పిల్ల వాళ్లమ్మ పక్కన బీడీలు చుడుతూ, మధ్యమధ్యలో లేచి ఒక లైను చదివి, ఆ పని చేసి మళ్లీ చాట ముందు కూర్చుంటుంది. మొత్తం ముందే చదువుకోమని నేనెక్కడ రాశాను?

"లాప్‌టాప్ మా అన్నది సార్. పొద్దుగాల దుకాణంల అందరి అప్లికేషన్లు దీంట్లనే నింపుతడు. ఏమని చెప్పాలె?"

లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో బాగుచేయొచ్చు. అది నా దగ్గరుంది, ఆఖరి బస్సేమో వెళ్లిపోయింది. రేపు మొదటి బస్సుకు వస్తానన్నాను.

"అప్పటికే దుకాణం తెరుస్తడు సార్," అంది. ఏడుస్తోందేమో, అడగలేకపోయాను.

ఇందాకే ఆ రెండు లైన్లనూ అటుదిటు మార్చాను. నిమిషం కూడా పట్టలేదు. మార్చిన పేజీ సెంటర్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరికంటే ముందు లావణ్యే చూసింది.