కొండ నీది, ఇసుక నాది

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నువ్వెప్పుడూ చెయ్యని పని ఒక్కటైనా చెయ్యాలని ఇంట్లో సముద్రపు చేపల తొట్టి పెట్టుకున్నాను. చేపలింకా రాలేదు.

మన దసరా బొమ్మల కొలువులో, మెట్ల కింద ఇసుక పోసి నువ్వు రాళ్లతో కొండ కట్టేదానివి. ఆ ఇసుక కడిగి ఆరబోసేది నేను. చూడ్డానికి వచ్చినవాళ్లంతా కొండనే మెచ్చుకునేవాళ్లు. ఇసుక తెల్లగా ఉందని ఒక్కరూ అనలేదు.

ఈ రోజు బియ్యం కడిగినట్టు, నీళ్లు తేటపడేదాకా ఇసుక కడిగి తొట్టిలో పోశాను. ఉప్పునీళ్లు నింపి, రాళ్లను కొలువు మెట్లలా వరసగా పేర్చాను. అమ్మ వచ్చి చూసింది.

"ఏం మే ఇది, గోడ కట్టినట్టు ఉండాది? చేపలు వస్తే యాడ దాక్కుంటాయి?"

ఒళ్లు మండింది. అన్నీ తీసేసి, పెద్ద రాయిని మూలకు ఒరిగించి, కింద గుహలాగా సందు వదిలి మళ్లీ పేర్చాను. అమ్మ చాలాసేపు నిలబడి చూసింది.

"ఇప్పుడు బాగుండాది. అచ్చం మీ అక్క కట్టిన కొండే," అనింది.

పోయి కూడా నా తొట్టిలోకి వచ్చేశావు. పడగొట్టేద్దామని నీళ్లలో చెయ్యి పెట్టాను. నీ కొండ కింద ఇసుక చదును చేసి, చెయ్యి తీసేశాను.