గోదాములో కుళ్ళిన సంచులు

పురపాలక శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారికి,

1. కర్రపెండలం పిండితో నేను తయారుచేసిన సంచులను, మట్టిలో కలిసిపోతాయని ఎంత విన్నవించినా, ప్లాస్టిక్ అని మీరు జప్తు చేశారు.
2. నా షెడ్డుకు తాళం వేశారు.
3. సంచులను మీ గోదాములో, కారుతున్న రేకుల కింద, మట్టినేల మీద భద్రపరిచారు.

నిన్న ఫోనులో తమరు, "ఏంటండీ హరిబాబు గారూ, సంచులన్నీ కుళ్ళిపోయి మట్టిలో కలిసిపోయాయి! ఇప్పుడు కోర్టులో ఏం చూపించమంటారండీ?" అని గద్దించారు. ఇంత శ్రద్ధగా, ఉచితంగా పరీక్ష జరిపించినందుకు కృతజ్ఞుడను.

ఆ మాటనే కార్యాలయ ముద్రతో రాసి ఇప్పించగలరు. దానితో నా షెడ్డు తెరిపించుకుంటాను. అలా రాయడం తమకు ఇబ్బందైతే, సంచులు కుళ్ళలేదని రాసి, వాటిని ఉన్నవి ఉన్నట్టుగానే తిరిగి ఇప్పించండి.

ఇట్లు,
మేడిశెట్టి వీరవెంకట హరిబాబు